నన్నే బీ అడిగిన కట్టె రొట్టె

ఇబ్రహీంపట్నం,
19 నవంబరు 2024, మంగళవారం.

అరుణకు,

మెహనాజ్ సలాం చెప్పి రాస్తున్నది. మీ బాపుకు కూడా నా సలాం అందజెయ్యి. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగిపోయాను. నాలుగేళ్ల తర్వాత రాసే ఉత్తరాన్ని అబద్ధంతో ఎందుకు మొదలుపెట్టడం.

నా నంబరు నువ్వు బ్లాక్ చేశావు. చేస్తావు మరి, నీ జాగాలో ఉంటే నేనైనా చేసేదాన్నే. అందుకే ఈ కాగితం బాలనర్సమ్మ చేతికి ఇస్తున్నాను. ఆమె కూతుర్ని మీ కోహెడలోనే ఇచ్చారు కదా, రేపు పొద్దుటి బస్సుకు వస్తుంది. చింపేముందు ఒక్కసారి చదువు.

అమ్మీకి, అదే మీ నన్నే బీకి, బాగాలేదు. దసరా తర్వాత కామెర్లు వచ్చాయి. దవాఖానలో తొమ్మిది రోజులు ఉంచుకుని పంపారు. కామెర్లు తగ్గాయి గానీ నోరు చచ్చిపోయింది. జావ పోస్తే పెదవులు బిగిస్తుంది, కిచిడీ పెడితే ముఖం తిప్పుకుంటుంది. పదకొండు రోజులుగా కాసిన్ని నీళ్లు, నాలుగు చెంచాల చాయ్, అంతే. మొన్న డాక్టరమ్మ చూసి, నోటితోని ఏదన్న తినిపియ్యి, లేకుంటే ముక్కులకెల్లి పైపు వెయ్యాలె, గీ వయసుల తట్టుకుంటదో లేదో అన్నది. నిన్న ఆమెను మంచం మీది నుంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాను. ఎవరి సాయం లేకుండా నేనొక్కదాన్నే ఎత్తగలిగాను. అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది.

ఆమె అడిగేది ఒక్కటే, నువ్వు ఇంట్లో కాల్చిన ఫ్రెంచి రొట్టె. కట్టె రొట్టె అని తనే పేరు పెట్టింది, గుర్తుందా? పొడుగ్గా, పైన కరకరలాడుతూ ఉండి, చాయ్‌లో ముంచగానే లోపలంతా మెత్తగా పీల్చుకునేది.

చేశాను. ఏడుసార్లు చేశాను. నీ దగ్గర చూసినవన్నీ పాటించాను. ఓవెన్ అడుగున నీళ్ల గిన్నె పెట్టి ఆవిరి పట్టించాను, బ్లేడుతో ఏటవాలుగా గాట్లు పెట్టాను. మొదటిది కత్తికి తెగలేదు. రెండోది ఉబ్బి బన్ను అయింది. ప్యాకెట్ ఈస్ట్ తగ్గించాను, పెంచాను. మైదాలో నీళ్లు కలిపి నాలుగు రోజులు పులియబెడితే, మూత తీసేసరికి ఇల్లంతా కంపు. అది పారబోసి స్టవ్ పక్కనే కూర్చుని ఏడ్చాను. ఐదోది చూడ్డానికి అచ్చం నీదే. ఉరుకులాడుతూ పోయి చాయ్‌లో ముంచి ఆమె నోట్లో పెట్టాను. నాలుకకు తగలగానే, గిది అది కాదు బేటీ అని బయటికి తీసేసింది. ఇంటి నిండా రొట్టెలే, తినాల్సిన మనిషి తినదు. మా హాషం భాయ్ పొద్దున ఆ రొట్టెలే నమిలి పనికి పోతున్నాడు.

ఆనాటి సంగతి ఎత్తకుండా అసలు మాట అడగలేను. లాక్‌డౌన్‌లో ఈస్ట్ దొరకక నువ్వు మీ బాపు దించిన తాటికల్లుతో పిండి పులియబెట్టావు. మా ఇంట్లో కల్లు పేరు కూడా ఎత్తరు. భాయ్ ఏదో పని మీద వచ్చి మీ వంటింట్లో పిండి పక్కన కల్లు చెంబు చూశాడు. నిన్ను గల్లీలో నిలబెట్టి, మా అమ్మీకి కల్లు తినిపిస్తవా, నిన్ను ఇంటి బిడ్డ లెక్క చూస్తిమి గదా అని నానా మాటలు అన్నాడు. నీ దగ్గర రొట్టెలు కొనేవాళ్లలో సగం మంది మావాళ్లే. మిగతావాళ్లు కూడా, చెప్పకుండ కలిపే మనిషి ఇంకేం కలుపుతదో అన్నారు. నెల తిరగకుండా మీరు ఇల్లు ఖాళీ చేసి పోయారు. నేను తలుపు సందులోంచి చూస్తూ ఉండిపోయాను. మోసపోయినదాన్ని, ఎట్లా బయటికి వస్తాను?

మొన్న అమ్మీని అడిగాను, అది కల్లు వేసిన రొట్టె కదా, నీకెట్లా పెట్టాలి అని. కండ్లు మూసుకునే, అది లేకుండ చెయ్యమను, అరుణకు ఎరుకే ఉంటది, దాని చెయ్యి గసుంటిది అన్నది. ఇన్ని రోజులుగా పిండి పిసుకుతున్నది నేను, మంచిదేమో నీ చెయ్యి. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది.

కల్లు లేకుండా ఆ పులుపు వస్తుందా? వచ్చేదుంటే ఎట్లాగో రాసి పంపు. రాయబుద్ధి కాకపోతే బాలనర్సమ్మకు నోటిమాటగా చెప్పు. వస్తానంటే చెప్పు, నేనే హయత్‌నగర్‌కు ఎదురొచ్చి తీసుకుపోతాను. డాక్టరమ్మ శుక్రవారం దాకా చూస్తానన్నది. ఇంక మూడు రోజులే. నా మీది కోపం ఆమె మీద చూపకు. అల్లా తర్వాత నీ మీదే భారం వేశాను.

ఇట్లు,
నీ జవాబు కోసం గడపలో నిలబడ్డ
మెహనాజ్

తా.క. కవరు అంటించి బాలనర్సమ్మ వాకిలిదాకా పోయి వెనక్కి వచ్చాను. పైన ఒకటి అబద్ధం రాశాను. నేను మోసపోలేదు. మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. అమ్మీకి చెప్పి పెడదామని నువ్వే అన్నావు. అబ్బా పోయినప్పటి నుంచి ఇప్పుడే ఇష్టంగా తింటున్నది, చెబితే మానేస్తుంది, ఊరుకో అన్నది నేను. కల్లు వడగట్టింది నా చున్నీతోనే. ఆ రోజు గల్లీలో భాయ్ నా వైపు తిరిగి, నీకు ఎరుకనా అని అడిగితే, నాకేం ఎరుక లేదన్నాను. నువ్వు నా ముఖం చూశావు. నా సంగతి నువ్వు ఒక్క మాట అంటే నీ పరువు దక్కేది. అనలేదు.

ఇందాక ఇద్దరికీ నిజం చెప్పాను. భాయ్ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు, ఇంకా రాలేదు. అమ్మీ మాత్రం, రొట్టె అడిగేటందుకు నీకు నోరెట్ల వచ్చింది, ముందుగాల గిది రాయి అన్నది. రాశాను.

రొట్టె సంగతి నీ ఇష్టం. నువ్వు చేసినా చెయ్యకపోయినా, నిన్ను ఎవరు అడిగినా, మెహనాజ్‌కు అంతా ఎరుకే ఉండె అని చెప్పు. ఈసారి నేను కాదనను.