రెండు తెల్ల చారల నీలం కారు

లా షో, మే 3, 1976

ప్రియమైన అన్నయ్యకు,

ఇక్కడ అందరం బాగున్నాం, ఆవులతో సహా. జూన్ 12 శనివారం నాకూ గొతియేకూ పెళ్లి. మునిసిపాలిటీలో సంతకాలయ్యాక నన్ను ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చర్చి లోపలికి నడిపించాలి. నాన్న లేడు కాబట్టి అది నీ పని. నీ కారు చూసి గొతియే, "చారలు చెరిపేస్తే మా అమ్మ కారే కదా" అన్న మాట నిజమే. ఆ మాత్రానికి కేఫేలో ఊరందరి ముందూ, వాడి పెళ్లి గడప తొక్కనని ఒట్టు పెట్టుకోవాలా?

నీ చెల్లెలు
బ్లాందీన్

తా.క. నువ్వు రాకపోతే నీ కారు వస్తుంది. ఊరేగింపులో అదే ముందు.

సాన్ నజేర్, మే 9

చెల్లీ,

నీకు ఆశీస్సులు. నేను రాలేను. ఇది ఓడను నీళ్లలోకి దించే నెల, సెలవంటే ఓడల యార్డులో నవ్వుతారు. ఇక ఆ గొతియేకు చెప్పు: మామూలు రెనో 12లు లక్షల్లో తయారయ్యాయి. నాదాంటి పందెపు రకం, గోర్దీనీలు, ఐదు వేల పైచిలుకే. వాళ్లమ్మది లక్షల్లో ఒకటి.

అన్సెల్మ్

తా.క. నా కారున్న షెడ్డు తలుపు తియ్యొద్దు.

లా షో, మే 15

అన్నయ్యా,

తీశాం. కారు పాలకేంద్రం దాకా వెళ్లొచ్చింది. వెనక సీటులో చీజు చక్రాలు చక్కగా పట్టాయి. ముందు బంపరు లేదని గొతియే బాబాయి జాలిపడి, తన పాత వ్యానుది తెచ్చి బిగించాడు. పనిలో పనిగా గట్టిగా బిగించాడు.

బ్లాందీన్

తా.క. చీజు వాసన పోతుందని మా కాబోయే అత్తగారు అన్నారు. ఆవిడ కారులో ఇంకా పోలేదు.

సాన్ నజేర్, మే 20

బ్లాందీన్,

గోర్దీనీకి ముందు బంపరు ఉండదు. కంపెనీవాళ్లే పెట్టలేదు. వెంటనే ఊడదీయించు. బండి ఎవరు నడిపారు? పాలకేంద్రం ఎత్తు మీద ఎలా లాగింది? స్టార్ట్ చేసేటప్పుడు ఇబ్బంది పెట్టిందా?

అన్సెల్మ్

తా.క. మూడింటికీ విడివిడిగా జవాబు రాయి.

లా షో, మే 26

అన్నయ్యా,

గొతియే నడిపాడు. గుర్రంలా లాగింది. తాళం తిప్పగానే స్టార్టయింది. బంపరు మాత్రం ఊడి రావడం లేదు. రెండు కార్బురేటర్లుంటే పెట్రోలు రెండింతలు తాగుతుందని బాబాయి ఒకటి విప్పి ట్రాక్టరుకు దాచాడు. ఇంకో సంగతి. చర్చి ముందు ఆ చారలు బాగుండవని అత్తగారి అభిప్రాయం. పెళ్లికి ముందురోజు, శుక్రవారం, వాటి మీద నీలం రంగు వేయిస్తున్నారు. గురువారానికి నువ్వొస్తే ఆవిడతో మాట్లాడుకోవచ్చు.

బ్లాందీన్

తా.క. కిటికీ తలుపులకు వేయగా మిగిలిన రంగది. దాదాపు అదే నీలం.

సాన్ నజేర్, జూన్ 1

బ్లాందీన్,

జూన్ 10 గురువారం రైలుకు వస్తున్నాను. కారు కోసం మాత్రమే. ఈ మాట కేఫేలో అందరికీ వినిపించేలా చెప్పు. అప్పటిదాకా ఆ డబ్బా మూత ఎవరూ తియ్యకూడదు.

అన్సెల్మ్

తా.క. నా నల్ల సూటు ఇస్త్రీ చేయించు. అత్తగారితో మాట్లాడాలంటే మర్యాదగా ఉండాలి.

లా షో, జూన్ 5

అన్నయ్యా,

నువ్వు షెడ్డులోకి వెళ్లకముందే ఇది చెప్పాలి. కారును ఎవరూ ముట్టుకోలేదు. బంపరు లేదు, రంగు లేదు, చీజూ లేదు. నువ్వు కప్పిన దుప్పటి కప్పినట్టే ఉంది. నీకు కారంటే ప్రాణం. నాకు మాత్రం ఆ రోజు చర్చి గుమ్మంలో నువ్వుండాలి. ఒంటరిగా నడవడం నావల్ల కాదు. కోపమొస్తే నాలుగు తిట్టు. తిరుగు రైలు మాత్రం ఎక్కకు.

బ్లాందీన్

తా.క. దుప్పటి మీద రెండు కోళ్లు కూర్చుంటున్నాయి. అది మాత్రం నిజం.

సాన్ నజేర్, జూన్ 7

చెల్లీ,

తిట్టడానికేం లేదు. నిరుడు ఊరు విడిచేటప్పుడు, ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బాలోంచి వేలెడంత నల్లముక్క ఒకటి తీసి నాతో తెచ్చుకున్నాను. అది లేకుండా ఆ బండి దగ్గనైనా దగ్గదు. నువ్వేమో గుర్రంలా లాగిందని రాశావు. ఆ ఉత్తరం యార్డులో నలుగురికి చదివి వినిపించాను.

సెలవు నీ మొదటి ఉత్తరం అందిన రోజే దొరికింది. దొరకనిదల్లా రావడానికో సాకు. అంత ఒట్టు పెట్టుకున్నవాడు చెల్లెలు రమ్మందని వస్తే కేఫేలో పదేళ్లు నవ్వుతారు. కారు పాడవుతోందని పరిగెత్తుకొస్తే ఎవరూ నవ్వరు. అందుకే నువ్వు దాన్ని ఇంకాస్త పాడుచేస్తావని ఎదురుచూశాను. నిరాశపరచలేదు.

శనివారం చెయ్యి పట్టుకుంటాను. నువ్వూ గట్టిగా పట్టుకో.

మీ అన్నయ్య
అన్సెల్మ్

తా.క. స్టేషనుకు గొతియేనే పంపు. కేఫే దాటేదాకా అతనితో మాట్లాడను. ఏమీ అనుకోవద్దని చెప్పు.