మనవి చీటీ

18 ఆగస్టు 2024

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరట చేతులు జోడించి నీ కూతురు ఫెబీ రాసే సంగతులు. నేనూ, పాప రోజీ క్షేమం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పుల్లలచెరువులో మన వీధికి నీళ్ల ట్యాంకర్ ఈసారైనా సరిగా వస్తోందా?

పైన ఊరి పేరు రాయలేదని కంగారుపడకు. హోమ్‌లో తిండికి లోటు లేదు. మొగుళ్లకు భయపడి ఇల్లు వదిలొచ్చిన పదకొండు మంది ఆడవాళ్లం, ఒకటే హాలు. బయట బండి ఆగితే అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోతాయి. అది వెళ్లిపోయాక మళ్లీ అన్నం కలుపుకుంటాం. మార్కాపురం అమీనాబీ వచ్చి ఏడు నెలలైంది. ఇప్పటికీ కూర దించగానే ఉప్పు సరిపోయిందా అని అందరినీ అడుగుతుంది. మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నేనూ అడుగుతున్నాను.

రోజీ అయితే బండి చప్పుడుకు మంచం కింద దూరి తన నోరు తనే మూసుకుంటుంది. నేను నేర్పలేదమ్మా. బేస్తవారిపేటలో స్టీఫెన్ నన్ను కొట్టే రోజుల్లో తనే నేర్చుకుంది.

ఒక్క మాట. వచ్చిన కొత్తలో ఈ ఊరి పేరు ఫోన్‌లో నీకొక్కదానికే చెప్పాను. ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన చెయ్యమని మనవి చీటీ వెయ్యొద్దు. పాస్టరుగారు పేరూ ఊరూ చదువుతారు, సంఘమంతా ఆమెన్ అంటుంది, నీ గుండె బరువు దిగుతుంది. నాకు తెలుసు, నా పదో తరగతి పరీక్షలకూ అట్లే వేశావు. కానీ దేవుడికి మన అడ్రస్సుతో పనేముంది? కోపంగా రాస్తున్నానని అనుకుంటావేమో. కోపమే. అయినా నువ్వంటే ప్రాణం.

ఈ ఉత్తరం తెచ్చిన అక్కను ఏ ఊరని అడగొద్దు. అన్నం పెట్టి పంపు. చదివాక పొయ్యిలో వెయ్యి.

నీ బిడ్డ,
ఫెబీ

తా.క.: దాచుదామనుకున్నాను, చేతకాలేదు. పైన రాసిందంతా పాత హోమ్ సంగతి. పోయిన సోమవారం మేం తింటుంటే ఒక బండి ఆగింది. అది వెళ్లిపోలేదు. తెల్లచొక్కా, చంకలో బైబిలు, నవ్వు మొహం. “మా అత్తే రాసిచ్చింది, నా భార్య ఈడే ఉండాది” అని స్టీఫెన్ వార్డెనమ్మకు చీటీ చూపించినాడంట. అట్లాంటోళ్లు ఎవరూ లేరని ఆమె పంపించేసి, ఆ చీటీ నాకు తెచ్చిచ్చింది. నువ్వు చర్చిలో వేసిన మనవి చీటీనే, పెన్సిల్‌తో నీ పెద్ద పెద్ద అక్షరాలే. ఆ సాయంత్రమే మమ్మల్ని ఇంకో ఊరికి మార్చారు. ఇక్కడ నన్ను వేరే పేరుతో పిలుస్తారు. ప్రార్థన మాత్రం మానొద్దమ్మా. నా బిడ్డ అను, చాలు. ఆయనకు తెలుస్తుంది.