బాబాయి యంత్రాన్ని ఎవరూ నమ్మరు

3వ తేదీ
సర్వర్ల గది, ఆసుపత్రి

బాబాయికి నమస్కారాలు.

కంటి ఆపరేషన్ అయ్యాక నలభై రోజులు తెర వైపు చూడొద్దు, చదవొద్దు, రాయొద్దన్నారనీ, ఫోన్‌లో సర్వర్ల గురించి మాట్లాడితే నాలుగిళ్ళ అవతలికి వినిపించేలా అరుస్తున్నారనీ పిన్ని చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పిన్ని చదివి వినిపిస్తుంది.

మీరు రిటైరై నెల కాలేదు, నాకు గండం వచ్చిపడింది. పాత విండోస్ సర్వర్లు తీసేసి కొత్తవి రెండు పెట్టారు. ఒకటి రోగుల నమోదుకి, రెండోది పరీక్షల రిపోర్టులకి. మూల ఉన్న మీ యూనిక్స్ యంత్రం మాత్రం అలాగే ఉంది. అది రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి సర్వర్లలో ఉన్నదంతా నెట్‌వర్క్ మీద లాగి టేపు మీదకి ఎక్కించాలి కదా. తొమ్మిది రోజులుగా ఒక్క అక్షరం ఎక్కలేదు. మీ యంత్రం తలుపు తట్టిన ప్రతిసారీ కొత్తవి ‘ప్రవేశం లేదు’ అంటున్నాయి.

28న తనిఖీ వాళ్ళు వస్తున్నారు. వరసగా పది రోజుల బ్యాకప్ చూపించాలట. చూపించలేకపోతే నా ఉద్యోగం ఖాయం చెయ్యరు, పనంతా బయటివాళ్ళకి అప్పగిస్తారు. సూపరింటెండెంట్ గారు ఈ మాట నవ్వుతూ చెప్పారు. ఆయన నవ్వితే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా.

మీ
పిచ్చుక

తా.క. మీ కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందడం లేదు. నాకు భయం వేసినప్పుడు అది మరీ ఎత్తుగా అనిపిస్తోంది.

*

5వ తేదీ
ఇంటి వరండా

పిచ్చుకకి బాబాయి దీవెనలు.

కంగారుపడకు. ఆ యంత్రం నా చేతి కింద పద్నాలుగేళ్ళు పనిచేసింది. ఒక్కరోజు నాగా పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళిన పాపాన పోలేదు. గేటు కాపలావాడు తాళం తీసేసరికి నేను మెట్ల మీద ఉండేవాణ్ణి. తప్పంతా కొత్తగా వచ్చినవాటిదే.

ముందు బీరువా వెనక నుంచి వెళ్ళే కేబుల్ చూడు. తర్వాత బయటివాళ్ళని అడ్డుకునే ఫైర్‌వాల్ ఐదు నిమిషాలు ఆపి చూడు. ఈ రెండింటితో తేలిపోతుంది.

చెప్పినది బాబాయి,
రాసినది పిన్ని

తా.క. (ఇది నేను, పిన్నిని.) కొత్త సర్వర్ల గురించి ఆయన వాడిన మాటలు మూడు రాయలేదు. ఆడపిల్లకి రాసే ఉత్తరం కదా. నువ్వు వేళకి తింటున్నావా?

*

8వ తేదీ
సర్వర్ల గది

బాబాయికి నమస్కారాలు.

బీరువా వెనక దూరాను. కేబుల్ బాగానే ఉంది. నేనే ఇరుక్కుపోయాను. ఎక్స్‌రే గది ఆయా, వంటగది మేస్త్రీ కలిసి బీరువా జరిపి బయటికి లాగారు. ఆ కంగారులో నా చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఫైర్‌వాల్ ఆపాను. ఐదు నిమిషాలూ కాకముందే భద్రతాధికారి పరిగెత్తుకొచ్చి, ఆసుపత్రి తలుపులన్నీ నడివీధిలోకి బార్లా తెరిచావంటూ కేకలేశాడు. బ్యాకప్ మాత్రం కాలేదు.

అయితే ఒకటి పట్టుకున్నాను. రెండు వైపుల చిట్టాలూ ముద్రించి పక్కపక్కన పెట్టాను. తలుపు తట్టిన సమయం కొత్తవాటి చిట్టాలో 1:48 అని ఉంది, మీ యంత్రం చిట్టాలో 2:00 అని ఉంది. జరిగింది ఒకటే, మధ్య తేడా పన్నెండు నిమిషాలు. పుస్తకంలో వెతికాను. రెండు యంత్రాల గడియారాలకి ఐదు నిమిషాలకి మించి తేడా ఉంటే, వచ్చింది దొంగేమో అని కొత్తవి లోపలికి రానివ్వవట.

మీ యంత్రం గడియారం వెనక్కి తిప్పితే సరిపోతుంది. దానికి పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది మీ ఒక్కరికే తెలుసు. దయచేసి పంపండి.

మీ
పిచ్చుక

తా.క. పిన్నీ, తింటున్నాను. బీరువా వెనక ఇరుక్కున్నప్పుడు మాత్రం ఎక్కువ తింటున్నానేమో అనిపించింది.

*

10వ తేదీ
ఇంటి వరండా

పిచ్చుకకి,

దీవెనలు తర్వాత. నా యంత్రం గడియారం తప్పా? ప్రతి నెలా ఒకటో తేదీన నా చేతి గడియారం చూసి, నా చేత్తో దిద్దిన గడియారం అది! పాత విండోస్ సర్వర్లని కూడా అలాగే దిద్దేవాణ్ణి. అందుకే అవి గొడవ లేకుండా కలిసి పనిచేశాయి. కొత్తవి బయట ఎక్కడినుంచో సమయం అరువు తెచ్చుకుంటాయి, అందుకే వెనకబడ్డాయి. ఆసుపత్రి గోడ గడియారమూ అంతే, పుట్టు బద్ధకం. రేడియో వాళ్ళ సంగతి సరేసరి. నా గడియారంలో ఏడున్నర దాటి పన్నెండు నిమిషాలయ్యాకగానీ ఏడున్నర వార్తలు మొదలుపెట్టరు.

కొత్తవాటిని నా సమయానికి దిద్దు. పాస్‌వర్డ్ ఇవ్వను. తప్పు ఒప్పుకోని వాళ్ళ కోసం ఒప్పుగా ఉన్నవాణ్ణి మార్చడం నా ఇంటావంటా లేదు.

చెప్పినది బాబాయి,
రాసినది పిన్ని

తా.క. (పిన్ని.) పిచ్చుకా, కారణం గడియారమే అయ్యుండాలని ఏముంది తల్లీ? ఆ గడియారాల సంగతి వదిలేసి ఇంకేదైనా చూడకూడదూ?

*

13వ తేదీ
సర్వర్ల గది

బాబాయికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే నిన్న పొద్దున్నే కొత్తవాటిని పన్నెండు నిమిషాలు ముందుకి తిప్పాను. బ్యాకప్ అయింది! మొదటి నుంచి చివరిదాకా, ఒక్క తప్పు లేకుండా. ఆ టేపుని గుండెలకి హత్తుకున్నాను.

మిగతా కథ వినండి. ఇప్పుడు హాజరు యంత్రం కూడా కొత్త సర్వర్లనే అడిగి సమయం తెలుసుకుంటుంది. నిన్న నలభై ముగ్గురికి ఆలస్యం పడింది. అందులో సూపరింటెండెంట్ గారు ఒకరు. ఏళ్ళ తర్వాత ఆయన సరిగ్గా వేళకి వచ్చింది నిన్ననేనట. వార్డుల్లో మందుల గంట ముందే మోగింది. దంతాల డాక్టరుగారు తన సమయం అయిపోయిందని, నోరు తెరుచుకుని ఉన్న రోగిని అలాగే వదిలి వెళ్ళబోయారట. సాయంత్రానికల్లా అన్నీ మళ్ళీ వెనక్కి తిప్పించారు. నాకు మెమో ఇచ్చారు.

బాబాయ్, ఉద్యోగంలో ఇది నా మొదటి మెమో. ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు. నిన్న అన్నం కూడా సహించలేదు. 18 మధ్యాహ్నం బ్యాకప్ మొదలైతేనే తనిఖీనాటికి పది రోజులవుతాయి. ఒక్కరోజు తప్పినా ఈ కుర్చీ నాది కాదు. తప్పు మీదని నేను అనను. నాదే అనుకోండి. పాస్‌వర్డ్ ఇవ్వండి చాలు.

మీ
పిచ్చుక

*

15వ తేదీ
ఇంటి వరండా

చిరంజీవి పిచ్చుకకి బాబాయి దీవెనలు.

ఒక విశేషం. ఈ పొద్దున ఏడున్నర వార్తలు నా చేతి గడియారంలో సరిగ్గా ఏడున్నరకే మొదలయ్యాయి! సెకను తేడా లేదు. రేడియో వాళ్ళకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. అనుమానం తీరక ఎదురింటాయన్ని కేకేసి అడిగాను. ఆయనదీ నాదీ ఒకే సమయం. అంటే నా గడియారం ఎప్పటిలాగే ఖచ్చితం.

కాబట్టి తేలిందేమిటి? నేను వచ్చేసిన ఈ నెలలో పట్టించుకునేవాళ్ళు లేక ఆ యంత్రం గాడి తప్పి ముందుకి పరిగెత్తింది. పాపం, దాన్ని మాత్రం ఏమనగలం. వెంటనే వెనక్కి దిద్దు. పాస్‌వర్డ్ వేరే చీటీ మీద రాయించి మడిచి పెట్టాను. పని అవగానే మార్చెయ్యి, చీటీ చింపెయ్యి. మెమో గురించి దిగులుపడకు. నేనూ చేరిన కొత్తలో ఒకటి తిన్నాను.

చెప్పినది బాబాయి,
రాసినది పిన్ని

*

28వ తేదీ
సర్వర్ల గది

బాబాయికి, పిన్నికి నమస్కారాలు.

పది రోజులు, పది టేపులు! తనిఖీ వాళ్ళు ఏదో ఒకటి తెరిచి చూపించమన్నారు. నాలుగో రోజు టేపులోంచి ఒక పసివాడి రక్తపరీక్ష రిపోర్టు తీసి తెర మీద పెట్టాను. ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం ఇచ్చారు. మెమో కూడా తీసేశారు. బాబాయ్, గది తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. ఇది మీ చలవే.

మీ
పిచ్చుక

తా.క. పిన్నీ, ఈ కింది ముక్క పైకి చదవకు. ఆ యంత్రం పాత చిట్టాలు పద్నాలుగేళ్ళవి తీసి, ఫైర్‌వాల్ చిట్టాల పక్కన పెట్టి చూశాను. అది ఈ నెలలో పరిగెత్తలేదు. మొదటి రోజు నుంచీ పన్నెండు నిమిషాలు ముందే ఉంది. మరి బాబాయి గడియారం రాత్రికి రాత్రి ఎలా సరైంది?

*

30వ తేదీ
వంటగది

బంగారు తల్లికి పిన్ని ముద్దులు.

ఆయన నిద్రపోతున్నారు. ఈ ఉత్తరం పూర్తిగా నాది.

మీ బాబాయి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో వరసగా మూడు రోజులు ఆలస్యంగా వెళ్ళి మెమో తిన్నారు. ఆ పూట కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచిపోయారు. చూసి తట్టుకోలేక, మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చేతి గడియారం ఐదు నిమిషాలు ముందుకి తిప్పాను. అది చాల్లేదు. ఎనిమిది చేశాను. పన్నెండుకి దారికొచ్చారు. గోడ గడియారం, అలారం కూడా మార్చాను. తర్వాత నాలుగు చేతి గడియారాలు కొన్నారు. ప్రతిదీ మొదటి స్నానం వేళకే నా చేతిలో పడింది. ఆయన ఆ పన్నెండు నిమిషాలని తీసుకెళ్ళి ఆసుపత్రి యంత్రాలకి కూడా అంటిస్తారని నేను కలగన్నానా!

నీకు మెమో వచ్చిందని, అన్నం సహించలేదని చదువుతుంటే ఆనాడు ఆయన ముట్టని కంచమే కళ్ళ ముందు మెదిలింది. నేను ఆయన కోసం చేసిన పని నీ మెడకి చుట్టుకుంది. మర్నాడు ఆయన స్నానాల గదిలోకి వెళ్ళగానే ఇంట్లో గడియారాలన్నీ సరిచేసేశాను. నువ్వు నన్ను మన్నించాలి.

ఆయనకి మాత్రం చెప్పకు. మొహమాటపడి చెప్పొద్దనడం లేదు. నిన్న కంచం ముందు కూర్చుని గడియారం చూసుకుని, “ఈ మధ్య నీ చేతికి వేగం వచ్చిందోయ్, పన్నెండు నిమిషాలు ముందే వడ్డించేస్తున్నావ్” అన్నారు. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళకి నా పనిని ఆయన మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ఇంకొన్నాళ్ళు విననీ.

ప్రేమతో
పిన్ని