రెక్క అంచున తెల్లగీత

పురుగుల పిల్లకి,

అత్త ముద్దులు. మ్యూజియంలో చచ్చిన పురుగులతో నువ్వు కులాసాగానే ఉండుంటావు. నాకు బతికున్నవాటితోనే చావొచ్చిపడింది. కుట్టుకొట్టు అటక మీద గబ్బిలాల సంసారం మరీ పెరిగిపోయింది. నిన్న డాక్టరుగారి తెల్లకోటు ఇస్త్రీ చేసి తగిలించానో లేదో, దాని మీద రెట్ట! శుక్రవారం తాపీమేస్త్రీ వచ్చి అవి దూరే కంత పూడ్చేస్తాడు. ఒకటి తనంతట తనే చచ్చి కత్తెర పక్కన పడింది. గుండీల డబ్బాలో పెట్టి పంపుతున్నాను. ఇదేం రకమో, దేనికి జడుస్తుందో చెప్పు.

నీ మేనత్త

తా.క.: డబ్బాలో ఒక గుండీ ఉండిపోయినట్టుంది. అది గబ్బిలంలో భాగం కాదు.

బంగారు అత్తకి,

మేస్త్రీని ఆపు, నీ కాళ్ళు పట్టుకుంటా! దాని రెక్క అంచున సన్నటి తెల్లగీత ఉంది. ఇళ్ళల్లో ఉండే ఏ గబ్బిలానికీ అలా ఉండదు. ఇది కొత్త జాతి అత్తా! దీన్ని ఇంతవరకూ ఏ శాస్త్రగ్రంథంలోనూ ఎవ్వరూ వర్ణించలేదు. మొదటి వర్ణన నేనే రాస్తున్నాను. నెలాఖరులోగా ఏదో ఒకటి సాధించకపోతే నన్ను సీసాలు కడిగే గదిలోకి తోసేస్తారు. సోమవారం అందరి ముందూ చూపించాలి. దీనికి నీ పేరే పెడతాను.

నీ మేనకోడలు

తా.క.: గుండీ సంగతి చెప్పి పుణ్యం కట్టుకున్నావు. అప్పటికే కొలిచేశాను.

తిక్క పిల్లకి,

వర్ణించడానికి అదేమన్నా పెళ్ళికూతురా? నిద్రలేచినప్పుడు మీ మామయ్య మొహంలా ఉంటుంది, రాసుకో. అయినా కొత్తదేమిటే, ముప్పై ఏళ్ళుగా నా నెత్తినే ఉంటేను! నా పేరు పెట్టావో, ఊరుకోను. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ “గబ్బిలంగారు ఉన్నారా?” అంటారు. నీ ఉద్యోగం మాట ఎత్తావు గనక మేస్త్రీని వెనక్కి పంపేశాను. కోట్ల మీద పడకుండా అటక కింద దుప్పటి కట్టాను. మీ మామయ్య ఒకటే సణుగుడు, అది ఆయన దుప్పటి.

నీ అత్త

తా.క.: ఆ తెల్లగీత నాదే. రెక్క చిరిగుంటే సిల్కుదారంతో కుట్టాను. చిరిగినదాన్ని చిరిగినట్టే కొట్టు దాటించడానికి చేతులు రాలేదే. బాగా కుదిరిందా?

అత్తా,

సోమవారం నా పరువు పోయింది. మంగళవారం నీ ఉత్తరం వచ్చింది.

ఆ గీత మీద పావుగంట ఉపన్యాసం దంచాను. మా మ్యూజియం పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, “అమ్మాయ్, ఈ జాతి చివర ముడి కూడా వేసుకుంటుందా?” అన్నారు. గదంతా పగలబడి నవ్వారు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి ఒక్కరూ నవ్వట్లేదు. ఇంకెక్కడెక్కడ కుట్లున్నాయోనని పెద్దాయన దాని నోరు తెరిచి చూశారట. అలాంటి పళ్ళు ఇంతవరకూ తెలిసిన ఏ గబ్బిలానికీ లేవు! అది నిజంగానే కొత్తదే అత్తా. నేనసలు పళ్ళే చూడలేదు, నీ కుట్టు చూస్తూ మురిసిపోయాను. ఉద్యోగం నిలబడింది. నీ గబ్బిలాలు పిల్లతల్లులట, వాటి జోలికి ఎవర్నీ రానివ్వకు. ఆదివారం వస్తున్నాను, మామయ్యకి కొత్త దుప్పటి తెస్తాను.

నీ తిక్కపిల్ల

తా.క.: కుట్టు విప్పుతానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. మొదటి వర్ణనలో నాచేత ఇలా రాయించారు: “దొరికినప్పుడు రెక్క చిరిగి ఉంది. మా అత్త బాగుచేసింది.”