శాలువా కప్పితే ఒప్పందం కాదు

తాండూరు, మంగళవారం రాత్రి

జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు ఇంజినీర్లు ఈ రోజు ఎస్తేర్ యూనిట్ చూశారు. ఒకప్పుడు నాపరాళ్లు పాలిష్ చేసిన షెడ్డులో ఆమె ఇప్పుడు లేజర్ యంత్రాలకు లెన్సులు తయారుచేస్తోంది. వాళ్లు చెప్పింది ఒక్కటే: నమూనాలు పంపండి, పరీక్షించి చెబుతాం.

మన అలవాటు ప్రకారం శాలువాలు కప్పి, చేతులు కలిపి ఫొటో దిగారు. వాళ్ల కారు కదలగానే వికారాబాద్, తాండూరు లేజర్ యూనిట్ల సంఘం అధ్యక్షుడు నర్సింహారెడ్డి, వార్త రాయడానికి వచ్చిన నన్ను పక్కకు పిలిచాడు.

"సాబ్, జర్మనీతోని ఒప్పందం అయిందని రాయి. ఏం పోతది? అది చూసి ఇంకో నలుగురు సంఘంల చేరుతరు."

ఎస్తేర్ వింది. "చూసి పోయిన్రు, గంతే. గప్పుడే పెండ్లి కార్డులు కొట్టిస్తవా ప్రెసిడెంట్ సాబ్? గాళ్లు మన పేపర్‌ను ఫోన్ల తర్జుమా చేసుకొని చదువుతరు. అబద్ధమని తెలిస్తే నా లెన్సుల డబ్బా గూడ తెరువరు."

జరిగిందే రాసి పంపాను. మా పేపర్ డెస్క్ నుంచి ఫోన్. "మిగతా విలేకరులందరూ ఒప్పందం అంటుంటే మీరొక్కరే పరీక్ష అంటారేంటి?"

పరీక్ష అన్న మాట మార్చేటట్లయితే వార్త ఆపేయండి అన్నాను.

నర్సింహారెడ్డి ఈ సంఘం కోసం ఎంత తిరిగాడో నాకు తెలుసు. అతని ఆశ అబద్ధం కాదు. లెన్సులు పరీక్షలో నెగ్గుతాయో లేదో కూడా తెలియదు...

నెగ్గి, ఒప్పందం కుదిరితే ఆ మాట మొదట నేనే రాస్తాను. అప్పటిదాకా ఎవరు ఫోన్ చేసినా, ఆ మాట నా పేరుతో అచ్చు కాదు.