కత్తిరించిన అంచులు

బజారు మలుపులో ఫోటో స్టూడియో నడిపినాయన పెద్దకూతురిని, డెబ్బై నాలుగేళ్లదాన్ని, అందరూ స్టూడియో అక్క అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. బలవంతం లేదన్నది నిజం. పూర్తి తెలివి అన్నది లాయరుగారు రాయమంటే రాశాను. నాలుగు రోజులుగా నాలో నేనే నవ్వుకుంటున్నాను. నిన్న పొయ్యి మీద పాలు పెట్టి వంటింట్లో గెంతులేశాను, పాలన్నీ పొంగిపోయాయి. ఎందుకో ఏడో అంశంలో ఉంది. ఎవరైనా ముందుకి దూకి అది చదివారో, ఊరుకోను.

1. ఈ వీలునామా అమలయ్యేది నేను పోయాకే. చదవడం మాత్రం వచ్చే ఆదివారం పొద్దున పదింటికి, స్టూడియోలో, నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా. అలాంటి పద్ధతి లేదని లాయరుగారు రెండుసార్లు దగ్గారు. పోయాక చదివితే మా చెల్లెలి మొహం నాకెలా కనిపిస్తుందండీ? చదవాల్సింది, తర్వాత అమలు చూడాల్సింది చెల్లెలి కూతురు. మా ఇంట్లో ఒక పని మొదలుపెట్టి పూర్తిచేసే మనిషి అదొక్కతే.

2. మా తమ్ముడికి నాన్నగారి మూడుకాళ్ల చెక్క కెమెరా స్టాండు చెందుతుంది. చిన్నప్పుడు పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఆ స్టాండు భుజాన మోసింది తనే అని వాడు నలభై ఏళ్లుగా చెబుతున్నాడు. మోసింది నేను. వాడు వెనకాల మిఠాయి తింటూ వచ్చేవాడు. ఇప్పుడైనా ఒకసారి ఎత్తి చూడరా నాయనా, ఎంత బరువుందో తెలుస్తుంది.

వాడి కథల్లో ఇంకొకటి ఇక్కడే రాసి పెట్టాలి, ముందు ముందు పనికొస్తుంది. చెల్లెలి ఎనిమిదో నెల ఫోటో ఆల్బంలో ఉంది. స్టూలు మీద కూర్చుని, కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తూ నవ్వుతుంటుంది. చాచిన చెయ్యి ఫోటో అంచు దగ్గర తెగిపోయింది, పిడికిలి సగమే కనిపిస్తుంది. నా చేతిలో ఏముందక్కా అని చెల్లెలు ఊహ తెలిసినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. గిలక్కాయ అంటాడు తమ్ముడు, తన గిలక్కాయే త్యాగం చేసి ఇచ్చాట్ట. అప్పటికి వాడికి ఐదేళ్లు. వాడు గుక్క నీళ్లు కూడా ఎవరికీ ఇచ్చే రకం కాదు.

3. స్టూడియో గది, డార్క్‌రూమ్, వెనక వరండా సర్వహక్కులతో చెల్లెలి కూతురికి. ఏమైనా చేసుకోవే తల్లీ, కానీ మీ మావయ్య సలహా మాత్రం అడక్కు.

4. ఇప్పుడు నా నేరం.

మా అమ్మ ఫోటో దిగేది కాదు. సిగ్గూ కాదు, బెట్టూ కాదు. కెమెరా ముందు కూర్చుంటే చాలు, నవ్వు ఆపుకోలేకపోయేది. నాన్నగారు క్లిక్ అనే లోపు పొట్ట పట్టుకుని వంగిపోయేది. ఒకే ఒక్కసారి, నా పదిహేడో ఏట, బిగబట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ ఫిల్ము రోలు కడగమని నాన్నగారు నాకిచ్చారు. రోలు వెనక్కి చుట్టకుండానే, పట్టపగలు, వరండాలో కెమెరా మూత తెరిచేశాను. ఆ పని చేసుకునే ఇంట్లో పుట్టి, ఎంత బుద్ధి లేని పని! వెలుగు తగిలి మొత్తం నల్లగా మాడిపోయింది. మళ్లీ తీద్దాంలే అంది అమ్మ, నవ్వుతూనే. రెండు నెలలకి జ్వరమొచ్చి పోయింది.

ఊరందరి మొహాలూ గోడలకి తగిలించిన ఇంట్లో అమ్మ మొహం ఒక్కటి లేదు. నాలుగేళ్ల చెల్లెలు అమ్మ ఫోటో ఏదీ అని ఏడుస్తోంది. అప్పుడు నేను, ఎవరూ తీసుకెళ్లకుండా పడున్న ఒకావిడ ఫోటో వెతికి, పెన్సిలూ బ్రష్షూ పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. పాపిడి మార్చాను, గడ్డం గుండ్రం చేశాను, పెదవి పక్కన పుట్టుమచ్చ పెట్టాను. ఫ్రేము కట్టించి గోడకి వేలాడదీశాను. నాన్నగారు చాలాసేపు చూశారు. తిట్లు తప్పవనుకున్నాను. చెవి ఇంకాస్త కిందకి ఉండాలని మాత్రం అని లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు చెవి కిందకి దించాను.

అదీ సంగతి, చెల్లీ. యాభై ఏడేళ్లుగా నువ్వు పొద్దున్నే లేచి కబుర్లు చెప్పే ఆవిడ మన అమ్మ కాదు. నీ పెళ్లినాడు ఆ ఫోటో పట్టుకుని ఏడ్చావు, అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. ఒకసారి పోగొట్టుకున్న అమ్మని నా చేత్తో రెండోసారి పోగొట్టలేకపోయాను. నేను భయపడింది దానికే, ఇంక దేనికీ కాదు.

5. ఆ ఫోటోలో ఆవిడ మా వీధి పళ్ల డాక్టరుగారి మేనత్త. ఒకసారి ఆయన మా ఇంటికి కాఫీకి వచ్చి, గోడ వైపు చూసి, కప్పు పెదవుల దగ్గరే ఆపేసి, మా అత్త పోలికలేనండీ అన్నారు. అందరూ అలాగే అంటారండీ అని బిస్కెట్లు పెట్టాను. నా దిద్దుబాట్లేవీ లేని అసలు ఫోటో నెగటివ్ నుంచి కొత్తగా వేసి నిన్ననే ఆయన చేతికిచ్చాను. ఆయన దీనికి సాక్షి, సాక్షికి వీలునామాలో ఏమీ రాయకూడదట, లాయరుగారి గోల. డాక్టరుగారు పది నిమిషాలు నవ్వి, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

6. చెల్లెలి కూతురికి ఒక క్షమాపణ. అమ్మమ్మ ముక్కు అచ్చు గుద్దినట్టు వచ్చిందని నిన్ను పుట్టినప్పటి నుంచీ మురిపించాం. ఆ ముక్కు డాక్టరుగారి అత్తది, నీ ముక్కు నీ సొంతం. కానీ ఏ ఫోటోలోనూ నువ్వు కుదురుగా ఉండవు చూడు, క్లిక్ అనే లోపు నవ్వేసి ఊగిపోతావు, అది మాత్రం నూటికి నూరు పాళ్లు మా అమ్మదే. నాన్నగారి కెమెరా నీకు. మూత తెరిచే ముందు రోలు వెనక్కి చుట్టు, నీకు దణ్ణం పెడతాను.

7. మెట్ల కింద ఉన్న నెగటివ్‌ల పెట్టెలు పదకొండూ మా చెల్లెలికి.

నాన్నగారు పోయాక నేనా పెట్టెలు ముట్టుకోలేదు. ముట్టుకోవాలంటే సిగ్గేసేది. మొన్న సోమవారం తమ్ముడు వాటిని పాత సామాన్ల వాడికి అమ్మేద్దామని బండి పిలుచుకొచ్చాడు. నా శవం మీద నుంచి తీసుకెళ్లమని ఒక పెట్టె మీద ఎక్కి కూర్చున్నాను. మూత ఫెళ్లున విరిగింది, నేను నెగటివ్‌లలో కూలబడ్డాను. నడుము పట్టేసినా, చేతికొచ్చిన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాను.

పసిపిల్లల ఫోటోలు ఎలా తీసేవాళ్లో నీకు గుర్తుండదు, చెల్లీ. స్టూలు పక్కన నల్లటి తెర. తెర వెనక అమ్మ. బిడ్డ ఒరిగిపోకుండా ఒక చెయ్యి బయటికి చాచి పట్టుకునేది. ప్రింటు వేసేటప్పుడు నాన్నగారు ఆ అంచు కత్తిరించేవారు. కత్తిరించింది కాగితాన్నే, నెగటివ్‌ని కాదు. నేను ఎన్ని వందల అంచులు చెత్తబుట్టలో ఊడ్చిపోశానో, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు! పదకొండు పెట్టెల నిండా అమ్మే ఉంది. మణికట్టు, మోచెయ్యి, గాజులు, స్టూడియో షట్టరు కింద నలిగి వంకర తిరిగిన చిటికెన వేలు. ఈ ఊళ్లో ఎవరింటి ఆల్బం తెరిచినా, కత్తిరించిన అంచుకి అవతల మన అమ్మ ఉంది.

గోడ మీద ఆవిడని ఉంచుతావో దించుతావో నీ ఇష్టం. ఇన్నేళ్లు నీ కబుర్లు ఓపిగ్గా విన్న మనిషి, పాపం.

ఇదిగో, నా ఒళ్లో కవరుంది. వినడం ఆపి తీసుకో. నీ ఎనిమిదో నెల ఫోటో, అంచు కత్తిరించకుండా నిన్న నేనే వేశాను. నీ పిడికిట్లో ఉన్నది గిలక్కాయ కాదే. అమ్మ చిటికెన వేలు. నువ్వు పక్కకి చూసి నవ్వుతున్నది తెర వైపు. ఫోటో అంతా స్పష్టంగా ఉంది, ఆ తెర ఒక్కటే కదిలి మసగ్గా వచ్చింది. అమ్మ లోపల నవ్వుతోంది మరి.

ఇంక తిట్టవే. నేను ఇక్కడే కూర్చున్నాను.

2024 మార్చి 14, గురువారం, మధ్యాహ్నం, స్టూడియో వరండాలో, ఇది నా సొంత దస్తూరి అని ఒప్పుకుంటూ

(సంతకం) స్టూడియో అక్క

సాక్షులు:
(సంతకం) పళ్ల డాక్టరు, అదే వీధి
(సంతకం) పక్క కొట్టు టైలరు. ఎనిమిది నెలల వయసులో ఆ స్టూలు మీద కూర్చున్నవాడు