బ్రేకుకి రాసిన వలిసె నూనె

మావా, డుంబ్రిగుడ సంతకి అల్లం బస్తా ఆటోలో తీసుకెళ్తున్నాను. నువ్వు బండి తియ్యకు. మెకానిక్ పైడయ్యకి ఫోన్ చేసి నువ్వు చేసిన పని చెప్పాను. "బ్రేకు పిస్టన్‌కి వలిసె నూనె రాసీసినాడేటి? రబ్బరు సీలు ఉబ్బిపోద్ది. అందుకే బ్రేకు సక్రాన్ని ఒగ్గకుండా పట్టీసుకుంటంది. కొత్త సీలు ఎయ్యాల" అన్నాడు.

అది నా తలకని ఆడించిన నూనె. నాకు ఒక్కనాడైనా రాశావా? మీ అయ్య కొన్న ఆ ముసలి బండి డిస్కు వేడెక్కిందేమోనని నిన్న పదిసార్లు తాకి చూశావు. మొన్న నాకు జ్వరమొస్తే గుమ్మంలోంచే "ఎలాగుంది?" అని అడిగి వెళ్లిపోయావు.

అంబలి కుండలో ఉంది.

దాలమ్మ

జ్వరం ఇంకా తగ్గలేదు. నేనొచ్చాక ఆ గ్రీజు చెయ్యి కడుక్కుని నా నుదురు కూడా ఒకసారి తాకి చూడు.